మా ఇంటి విటమిన్ డి ప్రాజెక్టు డైరీ: స్ట్రిప్ వెనకవైపు చదివి ఎంచుకున్న మందు

జూన్ మొదటి వారం

ముగ్గురి రిపోర్టులూ వచ్చాయి. అత్తయ్యకి 11.2, మావారికి 17.8, నాకు 14.6. ఇవి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అంకెలు, అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఎన్ని నానోగ్రాములు ఉందనే లెక్క. మన దగ్గర ల్యాబులు దాదాపుగా ఇదే కొలతలో ఇస్తాయి. లండన్‌లోనో సిడ్నీలోనో ఉండే మనవాళ్ల రిపోర్టులో 45, 60 అని పెద్ద అంకెలు కనిపిస్తే అవి నానోమోల్స్, 2.5తో భాగిస్తే మన లెక్కలోకి వస్తాయి. ఈ సంగతి తెలియక ఫోన్లో ఒకరికొకరు రిపోర్టులు చదివి చెప్పుకుని అనవసరంగా టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉన్నారు.

డాక్టర్ గారు అత్తయ్యకి 30 దాటాలన్నారు. మా ఇద్దరికీ 20 దాటి నిలకడగా ఉంటే చాలట, 30 దగ్గర ఉంటే ఇంకా మంచిదట. ఈ 20, 30 గొడవ నిపుణుల మధ్యే ఉంది. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో 20 ఉంటే చాలంది, అదే ఏడాది అక్కడి ఎండోక్రైన్ సొసైటీ, అంటే హార్మోన్ల డాక్టర్ల సంఘం, 30 ఉండాలంది, 2024కి వచ్చేసరికి ఆ సొసైటీయే 30 అనే గీతని పక్కన పెట్టేసి, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఊరికే ఈ టెస్టు చేయించొద్దని కూడా చెప్పింది. మా ఇంట్లో టెస్టు ఊరికే చేయించలేదు. అత్తయ్యకి కుర్చీలోంచి లేవాలంటే చేతుల ఆసరా కావాల్సి వస్తోంది, తొడలు లాగుతున్నాయంటోంది, పైగా పీటీహెచ్ కూడా ఎక్కువ ఉంది. ఒంట్లో డి చాలనప్పుడు కాల్షియం కోసం ఎముకల్ని కరిగించే హార్మోను అది. డాక్టర్ గారు కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూశారు, రెండూ బాగానే ఉన్నాయి. ఇవి చూడకుండా డి డోసు మొదలుపెట్టకూడదని ఆయన గట్టిగా చెప్పారు, ముఖ్యంగా కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి.

హైదరాబాద్‌లో ఉంటూ ఎండ విటమిన్ తక్కువేంటని అందరూ అడుగుతారు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో సి.వి. హరినారాయణ్ గారి బృందం దీనిమీద ఏళ్ల తరబడి పనిచేసింది. 2007లో వాళ్లు వేసిన పేపర్లో ఆరోగ్యంగా ఉన్న మన ప్రాంతం వాళ్లలోనే డి లోపం విపరీతంగా ఉందని చూపించారు. తిరుపతి ఎండలో చర్మంలో డి బాగా తయారయ్యేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా అని కూడా వాళ్లే కొలిచి చెప్పారు. అంటే మనం ఎండ దెబ్బ తగలకుండా తప్పుకుని నీడలోకి పోయే సమయమే అది. పొద్దున ఆరింటికి వాకింగ్‌కి వెళ్లడం మంచిదే, దాంతో డి మాత్రం రాదు. కిటికీ అద్దం వెనక కూర్చున్నా రాదు, కావాల్సిన కిరణాలని అద్దం ఆపేస్తుంది. అత్తయ్యని మోకాళ్ల నొప్పులతో మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చోబెట్టే ఉద్దేశం నాకు లేదు కాబట్టి మందుల దారే పట్టాం.

లక్ష్యం రాసుకున్నాను: మూడు నెలల్లో ముగ్గురి అంకె పెరగాలి, ఆ తర్వాత ఇంకో మూడు నెలలైనా అది పడిపోకూడదు. రెండోది రాయడానికి కారణం ఉంది. చుట్టాల్లో చాలామంది ఒక కోర్సు వాడి, పెరిగిందని సంబరపడి ఆపేసి, ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చారు.

జూన్ రెండో వారం

ఈ రోజు ఇంట్లో ఉన్న మందులన్నీ డైనింగ్ టేబుల్ మీద పోసి, "డి" అని పేరున్న ప్రతిదాన్నీ తిప్పి వెనకవైపు చదివాను. ముందువైపు పెద్దక్షరాల్లో పేరు తప్ప పనికొచ్చే సమాచారం ఏమీ ఉండదు. ఉన్నదంతా వెనక రేకు మీద ఆవగింజంత అక్షరాల్లో, అదీ సగం చోట మాత్ర తీసిన చిల్లులో పోయి ఉంటుంది. ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పెద్దది చేస్తే చక్కగా కనిపిస్తుంది.

అత్తయ్య చాలా ఏళ్లుగా వేసుకుంటున్న కాల్షియం క్యాప్సూల్‌తో మొదలుపెట్టాను. "నాకెందుకు తక్కువొచ్చిందే, నేను రోజూ డి మాత్ర వేసుకుంటూనే ఉన్నాగా" అని ఆవిడ బాధ. రేకు మీద ఉన్నది ఇదీ: కాల్షియం కార్బొనేట్, జింక్, కాల్సిట్రియాల్ 0.25 మైక్రోగ్రాములు.

ఆ కాల్సిట్రియాల్ దగ్గరే మొత్తం వ్యవహారం ఉంది. మనం మింగే మామూలు డి3, అంటే కొలెకాల్సిఫెరాల్, కాలేయంలోకి వెళ్లి 25-హైడ్రాక్సీ రూపంలోకి మారుతుంది. రక్తంలో నిల్వ ఉండేది అదే, ల్యాబ్‌లో కొలిచేదీ అదే. అక్కడి నుంచి కిడ్నీ తనకి కావాల్సినంత తీసుకుని కాల్సిట్రియాల్‌గా మారుస్తుంది. పని చేసే చివరి రూపం అదే, కాకపోతే కొన్ని గంటల్లోనే ఖర్చైపోతుంది. అది వెనక్కి తిరిగి 25-హైడ్రాక్సీగా మారదు. కాబట్టి కాల్సిట్రియాల్ ఎన్నేళ్లు మింగినా మన రిపోర్టులో అంకె కదలదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి, పారాథైరాయిడ్ పనిచేయనివాళ్లకి అది ప్రాణాధారమైన మందు, వాళ్ల ఒళ్లు ఆ చివరి మార్పు చేసుకోలేదు కనుక. ఆల్ఫాకాల్సిడాల్ అని ఇంకోటుంది, దాని కథా ఇంతే. నిల్వలు లేవని తేలిన మామూలు మనిషికి మాత్రం ఇవి నిల్వ పెంచే మందులు కావు. మన షాపుల్లో కాల్షియం మాత్రల్లో కాల్సిట్రియాల్ కలిపినవి బోలెడన్ని ఉన్నాయి, వాటినే "యాక్టివ్ డి3" అని ఏదో మెరుగైన రకం అన్నట్టు చెప్తారు.

ఇంకో సంగతి కూడా తేలింది. అత్తయ్య బీపీ మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది. అది మూత్రంలో పోవాల్సిన కాల్షియాన్ని ఆపి ఒంట్లోనే ఉంచుతుంది. దాని మీద కాల్షియం, కాల్సిట్రియాల్, మళ్లీ ఇప్పుడు డాక్టర్ గారు రాసిన వారానికి 60,000 ఐయూ (విటమిన్ కొలిచే యూనిట్లు) డి కూడా వేస్తే రక్తంలో కాల్షియం హద్దు దాటొచ్చు. డాక్టర్ గారికి స్ట్రిప్ ఫోటో పంపితే, కాల్సిట్రియాల్ ఉన్నది ఆపేసి మామూలు కాల్షియం తక్కువ డోసులో రాశారు, కోర్సు మధ్యలో ఒకసారి కాల్షియం టెస్టు చేయించమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లకి డి మొదలుపెట్టేవాళ్లు వాళ్లు వాడే మందులన్నీ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, టీబీకి వాడే రిఫాంపిసిన్, స్టెరాయిడ్లు కూడా డి లెక్కని తారుమారు చేస్తాయి.

మిగతావి: మావారి మల్టీవిటమిన్‌లో డి3 400 ఐయూ, ఇంకో కాల్షియం స్ట్రిప్‌లో 250 ఐయూ, డాలస్ నుంచి పెద్ద వదిన తెచ్చిన సీసాలో ఒక్కో క్యాప్సూల్‌కి 5000 ఐయూ. ఆ సీసా మీద 125 మైక్రోగ్రాములు అని కూడా రాసి ఉంది. ఒక మైక్రోగ్రాముకి 40 ఐయూ, కాబట్టి లెక్క సరిపోయింది.

జూన్, కోర్సు మొదలుపెట్టే ముందు

లెక్క చూసుకున్నాను, ఎందుకంటే లెక్క లేకుండా ఏ బ్రాండ్ మంచిదని అడగడంలో అర్థం లేదు. అంకె బాగా తక్కువున్నప్పుడు రోజుకి 1000 ఐయూ చొప్పున కొన్ని నెలలు వాడితే సుమారుగా 10 పెరుగుతుందని వాడుకలో ఉన్న అంచనా. పైకి వెళ్లేకొద్దీ ఆ పెరుగుదల తగ్గుతుంది, మనిషి మనిషికీ మారుతుంది. కాల్షియం మాత్రలో ఉన్న 250 ఐయూతో పెరిగేది రెండో మూడో. అత్తయ్య 11 నుంచి 30 చేరడానికి అది ఎందుకు సరిపోదో కాగితం మీద వేస్తేనే తెలిసిపోతుంది. వారానికి 60,000 అంటే రోజుకి దాదాపు 8,570. ఎనిమిది వారాలకి 4,80,000. మన డాక్టర్లు మామూలుగా రాసేది ఇదే, మాకూ ఇదే రాశారు.

ఇక్కడ ప్రమాదం ఎక్కడుందంటే "వారానికి ఒకటి" అన్నది "రోజుకి ఒకటి"గా మారిపోవడంలో. షాపులో కవరు మీద పెన్నుతో గీసే అడ్డగీతలు చూసి వేసుకునేవాళ్లకి ఇది ఇట్టే జరుగుతుంది. రోజూ 60,000 చొప్పున కొన్ని వారాలు మింగితే కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అయోమయం, చివరికి కిడ్నీలు దెబ్బతినడం దాకా వెళ్తుంది. మా ముగ్గురివీ విడివిడి కవర్లలో పెట్టి, ఒక్కోదాని మీద "ఆదివారం" అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి, వంటింటి క్యాలెండర్లో ఆదివారాలకి గుండ్రం చుట్టాను.

జూన్, షాపులో

కొనాల్సింది కొలెకాల్సిఫెరాల్ ఐ.పి. 60,000 ఐయూ అని చీటీ మీద స్పష్టంగా ఉంది. వీధి చివర మెడికల్ షాపు అబ్బాయి చూసి లోపలికి వెళ్లి ఒక స్ట్రిప్ తెచ్చాడు. తిప్పి చూస్తే కాల్సిట్రియాల్.

"ఇది కాదు బాబూ, కొలెకాల్సిఫెరాల్ కావాలి."

"అదే మేడమ్, డి3యే. ఇది ఇంకా పవర్‌ఫుల్."

"కింద పేరు చదువు. 0.25 మైక్రోగ్రామ్ ఉంది, నాకు 60,000 ఐయూ ఉన్నది కావాలి."

అతను స్ట్రిప్‌ని లైటు కిందకి తీసుకెళ్లి చదివి, ఏమీ అనకుండా లోపల పెట్టేసి వేరేది తెచ్చాడు. అతని మీద కోపం లేదు, అన్నిటి మీదా డి అనే ఉంటే కౌంటర్ దగ్గర జనం మధ్య ఎవరు చదువుతారు. కొనేవాళ్లం మనమే చదవాలి.

60,000 డి3 మన దగ్గర పొడి సాషేగా, నూనె నింపిన మెత్తటి క్యాప్సూల్‌గా, 5 ఎంఎల్ చిన్న సీసాలో తాగే మందుగా దొరుకుతుంది, ఇంజెక్షన్ కూడా ఉంది. క్యాప్సూల్‌ని మా ఇద్దరికీ తీసుకున్నాను. డి3 నూనెలో కరిగే విటమిన్, దాన్ని నూనెలోనే కరిగించి ఇస్తారు, భోజనంతో వేసుకుంటే ఒంటికి పడుతుంది, రేటూ తక్కువే. సాషే పొడి పాలలో కలుపుకోవాలి, గ్లాసు అడుగున కొంత మిగిలిపోతుంది, మళ్లీ పాలు పోసి తిప్పి తాగే ఓపిక ఉంటే అదీ మంచిదే.

అత్తయ్య దగ్గర వేరే చిక్కు. ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. మెత్తటి క్యాప్సూల్ తొడుగు జిలాటిన్, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. చెప్పకుండా మింగించడం నాకు ఇష్టం లేదు. అలాగని డి2కి వెళ్దామా అనుకున్నాను, అది శిలీంధ్రాల నుంచి వచ్చే ఎర్గోకాల్సిఫెరాల్, పూర్తిగా శాకాహారమే. కానీ అంకె పెంచి నిలబెట్టడంలో డి3 కంటే వెనకబడి ఉంటుంది. 2011లో రాబర్ట్ హీనీ బృందం వారానికి 50,000 చొప్పున పన్నెండు వారాలు రెండూ ఇచ్చి పోల్చింది. అంకెని పెంచి నిలబెట్టడంలో డి3 దాదాపు 87 శాతం బలంగా ఉందని తేల్చింది. వారానికో నెలకో ఒకసారి వేసుకునే పద్ధతిలో డి2 అంకె తొందరగా దిగిపోతుంది. పైగా కొన్ని ల్యాబ్ యంత్రాలు డి2ని సరిగ్గా లెక్కపెట్టవు, వాడుతున్నా రిపోర్టులో తక్కువ కనిపించే అవకాశం ఉంది.

అందుకని తాగే మందు ఎంచుకున్నాను, దానికి తొడుగు ఉండదు. డి3 ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఉన్నదున్నట్టు చెప్పాను: గొర్రె ఉన్నిని కడిగితే వచ్చే జిడ్డు నుంచి ఒక పదార్థం తీసి, దాని మీద అల్ట్రావయొలెట్ వెలుగు పడేలా చేసి తయారుచేస్తారు, గొర్రెని చంపరు. శిలావల్కం, అంటే రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే లైకెన్ నుంచి తీసే డి3 కూడా ఉంది, రేటు ఎక్కువ, 60,000లో నాకు దొరకలేదు. అత్తయ్య కాసేపు ఆలోచించి, "మా అత్తగారు మడికి దావళి కట్టుకునేది, అది ఉన్నిదే కదమ్మా. తెచ్చిపెట్టు" అంది. ఆ ఒక్క మాటతో నా మనసు తేలికపడింది.

తాగే మందు సీసాల మీద "నానో" అని రాసి ఎక్కువ రేటు పెడతారు. విటమిన్‌ని అతి సన్నటి బిందువులుగా నీళ్లలో కలిసేలా చేస్తారు కాబట్టి, కొవ్వు అరగనివాళ్లకి, పేగు జబ్బులున్నవాళ్లకి, పిత్తం సరిగా రానివాళ్లకి అది నిజంగా ఉపయోగం. అరుగుదల బాగున్న మాలాంటివాళ్లకి ఆ అదనపు డబ్బు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. అత్తయ్యకి తీసుకున్నది శాకాహారం కోసం.

లేబుల్ మీద ఇంకా చూసినవి: ఐ.పి. అని ఉందా, అంటే ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణం ప్రకారం తయారైన మందా లేక ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుతో వచ్చే ఫుడ్ సప్లిమెంటా, ఎక్స్‌పైరీకి ఎంత గడువుంది, "విటమిన్ల నష్టాన్ని పూడ్చడానికి తగినంత అదనంగా కలిపాం" అనే ఇంగ్లిష్ వాక్యం ఉందా. విటమిన్ నిల్వలో కొంత పోతుంది కనుక ఆ వాక్యం వేస్తారు. సప్లిమెంట్లలో తేడాలు ఎంతుంటాయో 2013లో అమెరికాలో పోర్ట్‌లాండ్ పరిశోధకులు చూశారు. షాపుల్లో కొన్న డి మాత్రల్ని పరీక్షిస్తే, లేబుల్ మీద రాసినదాంట్లో 9 శాతం నుంచి 146 శాతం దాకా ఉన్నాయట. అక్కడ యూఎస్‌పీ అనే ముద్ర ఉంటే బయటివాళ్లు పరీక్షించినట్టు లెక్క. వదిన తెచ్చిన సీసా మీద ఆ ముద్ర ఉంది, అందుకే దాన్ని పారేయకుండా తర్వాతి దశకి దాచాను.

జులై

వేసుకునే వేళ మార్చడం కూడా ఈ ప్రాజెక్టులో పెద్ద పనే. అత్తయ్య అలవాటు ప్రకారం మాత్రలన్నీ పరగడుపున, థైరాయిడ్ మాత్రతో కలిపి ఒకే గుక్కలో మింగేస్తుంది. థైరాయిడ్ మాత్రకి, కాల్షియానికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. డి3 అయితే పరగడుపున అసలు వద్దు. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు, మందు వాడుతున్నా అంకె పెరగని 17 మందికి డోసు మార్చకుండా, రోజులో పెద్ద భోజనంతో వేసుకోమని మాత్రమే చెప్పి చూశారు. రెండు మూడు నెలల్లో సగటున యాభై శాతానికి పైగా పెరిగింది. ఇది 2010 నాటి చిన్న అధ్యయనమే, కానీ ఖర్చు లేని పని కాబట్టి చేయకపోవడానికి కారణమే లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముడిపెట్టాను. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, చివర్లో మీగడ పెరుగు, కొవ్వుకి లోటు లేదు. మావారు ఆదివారం పొద్దున టిఫిన్ మానేసి నల్లటి కాఫీతో సరిపెట్టే మనిషి, ఆయన క్యాప్సూల్ కంచం పక్కనే పెడతాను, పప్పన్నం కలిపాక మింగుతారు. అత్తయ్య తాగే మందుకి నెయ్యి అంత తప్పనిసరి కాదు, అయినా అందరికీ ఒకే వేళ ఉంటే మర్చిపోవడం ఉండదు. ఏకాదశి ఆదివారం పడితే మర్నాడు ద్వాదశి పారణ భోజనంతో తాగుతుంది, వారపు మందుకి ఒక రోజు అటూ ఇటూ అయితే నష్టం లేదు.

మధ్యలో కాల్షియం టెస్టు చేయించాం, అత్తయ్యకి 9.6. బాగుంది.

వదిన డాలస్ నుంచి వీడియో కాల్‌లో, "ఇదంతా ఎందుకు, ఆరు లక్షల ఐయూ ఇంజెక్షన్ ఒకటి చేయించేయండి, ఏడాది చూసుకోనక్కర్లేదు" అంది. ఇక్కడ చాలామందికి చేస్తున్నారు కూడా. నేను ఒప్పుకోలేదు. కండలోకి ఇచ్చిన డి3 అక్కడి నుంచి మెల్లగా దిగుతుంది, అంకె పెరగడానికి నోటి మందు కంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆస్ట్రేలియాలో 2010లో వచ్చిన ఫలితం అయితే నన్ను నిజంగా భయపెట్టింది. డెబ్బై దాటిన 2,256 మంది ఆడవాళ్లలో సగం మందికి ఏడాదికోసారి నోటి ద్వారా ఒకేసారి 5,00,000 ఐయూ ఇచ్చారు. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లకంటే వాళ్లు 15 శాతం ఎక్కువగా పడ్డారు, 26 శాతం ఎక్కువగా ఎముకలు విరిగాయి. ఎముకల కోసం ఇచ్చిన మందు అది. అత్తయ్య పడకూడదనే కదా మా తాపత్రయమంతా. పేగు అసలు పీల్చుకోని జబ్బున్నవాళ్లకి డాక్టర్ ఇంజెక్షన్ రాస్తే అది వేరే విషయం. ఈ లెక్కలన్నీ చెప్పాక వదిన కూడా, "సరేలే, నువ్వు చేస్తున్నదే నయం" అంది.

ఆగస్టు

ఎనిమిది వారాల కోర్సు అయిపోయింది. అందరూ వెంటనే టెస్టు చేయిద్దామన్నారు, ఆపాను. 25-హైడ్రాక్సీ రూపం సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక, డోసు మార్చిన ప్రతిసారీ అంకె స్థిరపడడానికి సమయం కావాలి. మొదలుపెట్టి మూడు నెలలయ్యాక చూస్తేనే అర్థం ఉంటుంది. ఈలోగా ముగ్గురం నెలకి ఒకటికి వచ్చాం.

అత్తయ్య తొడల లాగుడు తగ్గిందంటోంది. మోకాళ్లు అలాగే ఉన్నాయి, అది కీళ్ల అరుగుదల, డితో పోయేది కాదు. ఇది రాసి పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే డి గురించి షుగర్ పోతుంది, క్యాన్సర్ రాదు, గుండెకి కవచం అని చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. అమెరికాలో 25,871 మందికి రోజుకి 2000 ఐయూ లేదా ఉత్త మాత్ర ఇచ్చి ఏళ్లపాటు చూసిన వైటల్ అధ్యయనంలో క్యాన్సర్లూ గుండెపోట్లూ తగ్గలేదు. వాళ్లలో చాలామందికి ముందే డి సరిపడా ఉంది. లోపం ఉంటే నింపుకోవాలి, నిండాక ఇంకా పోస్తే అదనంగా వచ్చేదేమీ లేదు. నా శ్రద్ధ ఆ మొదటి సగం మీదే.

సెప్టెంబర్

టెస్టుకి ముందు నా జుట్టు మాత్ర ఆపాను. దాంట్లో బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు ఉంది. కొన్ని ల్యాబ్ యంత్రాలు బయోటిన్ అంటుకునే గుణాన్నే వాడుకుని డి కొలుస్తాయి, రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే అంకె లేనిది ఉన్నట్టు పైకి చూపిస్తుంది. థైరాయిడ్ రిపోర్టు కూడా ఇలాగే చెడిపోతుంది. జుట్టు, గోళ్ల మాత్రలు వాడేవాళ్లు మూడు నాలుగు రోజుల ముందు ఆపి వెళ్లండి, ల్యాబ్‌లో ఎవరూ అడగరు. ఇంకోటి, మొదట ఇచ్చిన ల్యాబ్‌లోనే ఇచ్చాం. ల్యాబ్ మారితే పద్ధతి మారుతుంది, పద్ధతి మారితే అదే రక్తానికి నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ రావచ్చు, అది మందు పనితనం అనుకుంటాం.

ఫలితాలు: అత్తయ్య 36.4, నేను 34.1, మావారు 24.9. అత్తయ్య పీటీహెచ్ మామూలు హద్దులోకి వచ్చింది, నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది ఇదే.

మావారిది ఎందుకు వెనకబడిందో డాక్టర్ గారు రిపోర్టు చూడగానే చెప్పారు. ఆయన బరువు 96 కిలోలు. డి కొవ్వులో కలిసిపోయే విటమిన్, ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే అదే డోసు ఎక్కువ చోటుకి పంచుకుపోతుంది, రక్తంలో తక్కువ కనిపిస్తుంది. అధిక బరువున్నవాళ్లకి రెండు మూడు రెట్లు కావాల్సి వస్తుందని ఎండోక్రైన్ సొసైటీ 2011 మార్గదర్శకాల్లోనే ఉంది. ముగ్గురికీ ఒకే మందు, ఒకే డోసు, ఒకే భోజనం, ఫలితం వేరు. "నాకు ఆ కంపెనీది పనిచేయలేదు" అని బ్రాండ్ మార్చేవాళ్లు ముందు తూకం యంత్రం ఎక్కి చూడాలి. ఆయనకి ఇంకో ఆరు వారాలు వారానికొకటి, ఆ తర్వాత పదిహేను రోజులకొకటి రాశారు.

అక్టోబర్

ఇక నిలబెట్టే దశ. చాలామంది చుట్టాలు జారిపోయింది ఇక్కడే కాబట్టి ఎవరికి ఏది కుదురుతుందో కూర్చుని తేల్చాం.

నెలకి 60,000 అంటే రోజుకి 2000. పదిహేను రోజులకి ఒకటి అంటే రోజుకి 4000, పెద్దవాళ్లు డాక్టర్ చూడకుండా దాటకూడదని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పెట్టిన హద్దు అది, మావారు డాక్టర్ చూస్తుండగా ఆ అంచున ఉన్నారు. రోజూ, వారానికి, నెలకి అన్న తేడాలో నిలకడగా వాడితే అంకె దాదాపు ఒకేలా వస్తుంది. తుంటి విరిగిన వృద్ధుల్లో రోజుకి 1500, వారానికి 10,500, 28 రోజులకి 45,000 చొప్పున ఇచ్చి చూసిన 2008 అధ్యయనంలో మూడు గుంపుల్లోనూ డి ఒకేలా పెరిగింది. కాబట్టి మర్చిపోకుండా ఏది వేసుకోగలరో అదే మంచి పద్ధతి.

అత్తయ్య నెలకోసారి పద్ధతే ఉంచుకుంది, పౌర్ణమికి. సత్యనారాయణ వ్రతం చేసుకున్నాక భోజనంతో పాటు సీసా తాగుతుంది, పౌర్ణమి ఆవిడ మర్చిపోయే రోజు కాదు, నేను గుర్తుచేయనక్కర్లేదు. ఖర్చు చూస్తే నెలకి ఒక టిఫిన్ డబ్బులు. నాకు రోజువారీ అలవాటు బాగుంటుంది కానీ వదిన సీసాలోది 5000, రోజూ వేసుకుంటే హద్దు దాటుతుంది, అందుకని సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం డబ్బాతో పాటు ఒకటి. వారానికి 15,000, రోజుకి రెండు వేల పైచిలుకు. పాల ప్యాకెట్ కూడా మార్చాను, నీలం రంగులో "ప్లస్ ఎఫ్" గుర్తున్నది, ఎ, డి విటమిన్లు కలిపిన పాలు. దాంతో వచ్చేది కొద్దిగానే, కానీ రోజూ తాగేదే కదా.

జనవరి

మళ్లీ అదే ల్యాబ్. అత్తయ్య 35.1, నేను 32.7, మావారు 31.0. అత్తయ్య కాల్షియం 9.7. మావారు నాలుగు కిలోలు తగ్గారు, ఆ పెరుగుదలలో దాని వాటా ఎంతో వేరుచేసి చెప్పలేం, తగ్గడం అయితే మంచిదే.

డాక్టర్ గారు అత్తయ్యకి, నాకు ఇవే కొనసాగించమన్నారు, మావారిది ఈ నెల నుంచి నెలకొకటికి తగ్గించారు. మళ్లీ టెస్టు ఏడాది తర్వాతే, అత్తయ్యకి మాత్రం బీపీ మాత్ర కారణంగా ఆరు నెలలకి కాల్షియం, క్రియాటినిన్. ఇప్పుడు మా విజయవాడ పిన్ని ఫోన్ చేసి అడుగుతోంది, ఆవిడకి 9 వచ్చిందట, షాపువాళ్లు ఏదో ఇచ్చారట. ముందు స్ట్రిప్ వెనకవైపు ఫోటో తీసి పంపమన్నాను. వచ్చింది, కాల్సిట్రియాల్. రేపు తన డాక్టర్‌కి చూపించడానికి చీటీ మీద ఏమేం అడగాలో రాసి పంపాను: ఇది కొలెకాల్సిఫెరాలా, ఎంత, వారానికా రోజుకా, ఎన్ని వారాలు, తర్వాత ఏది, కాల్షియం టెస్టు ఎప్పుడు.